రెండు వేళ్ళ పిట్టలు

నిజామాబాద్,
6 ఫిబ్రవరి 1972.

తారాబాయికి,

నీకు ఉత్తరం రాసి ఏడాది దాటింది. నువ్వూ రాయలేదు కాబట్టి ఇద్దరం సమానమే, దెబ్బలాట అక్కర్లేదు. నీకు టీబీ పూర్తిగా తగ్గిందని, సూదులు ఆపేశారని మీ ఆత్మారాంగారు మా ఆయన సీమోనుతో చెప్పారట. ఆ ఆదివారం గుడిలో నీ పేరు చెప్పి స్తోత్రం చేశాను. మీ దేవుళ్ళు ఏమీ అనుకోరులే. మా ఆయన ఇంకా ఆస్పత్రిలో కాంపౌండరే. నేను మనం చదివిన మిషను బడిలోనే పాఠాలు చెప్పుకుంటున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మే నెలలో మన మునిసిపల్ పార్కులో పిల్లలకు వేసవి కార్యక్రమం పెట్టుకోవడానికి అనుమతి దొరికింది. రోజూ పొద్దున, ఎండ ఎక్కకముందే. కొంచెం ఆటలు, కొంచెం చెట్లు, కొంచెం పిట్టలు. చివర్లో ఒకరోజు బస్సులో అలీసాగర్ తోటకు. అర్జీ పట్టుకుని తిరిగి తిరిగి నా చెప్పులు అరిగాయి. మునిసిపల్ ఆఫీసు గుమాస్తా నా కాగితం చదివి, "పిల్లలకు పిట్టల చూపిచ్చుడేంది టీచరమ్మా, వాండ్లు దినాం గులేర్లతోని రాళ్ళేసి కొడ్తనే ఉన్నరు గద" అన్నాడు. "గందుకే చూపిస్త అంటున్న" అన్నాను. నవ్వి సంతకానికి లోపలికి పంపాడు.

తారా, నీకు నలభై రెండో సంవత్సరం వేసవి గుర్తుందా? మా అమ్మానాన్నలు మీ బోధన్ వైపు చెరుకు తోటల్లో పనికి పోతే నేను సెలవుల్లో కూడా బోర్డింగులోనే ఉండిపోయాను. నాలాంటి వాళ్ళందరినీ దేవవ్వ టీచరు పొద్దున్నే పార్కుకు నడిపించుకుపోయేది. నీకు ఈ ఊళ్ళోనే ఇల్లుంది, వాకిలుంది, ఇంటినిండా మనుషులున్నారు. అయినా అన్నం మానేసి ఏడ్చి, మీ బాపు చేత ఒప్పించుకుని, రోజూ గేటు దగ్గర మాకంటే ముందే నిలబడి ఉండేదానివి.

గడ్డిలో కూర్చోబెట్టి టీచరు చెప్పేది: "కండ్లు మూసుకోండ్రి. కొత్త గొంతు ఇనవడ్డప్పుడల్లా ఒక వేలు మడవుండ్రి. అబద్ధం వేలు మడిస్తే తెల్లారి నీళ్ళు మీరే మోయాలె." నేను నాలుగో వేలు దగ్గర ఆగిపోయేదాన్ని. నువ్వు రెండు చేతులూ అయిపోయి కాలివేళ్ళ మీదికి దిగేదానివి. అబద్ధమేమోనని టీచరు అడిగితే ఒక్కొక్క పిట్ట పేరూ, అది కూర్చున్న కొమ్మా చెప్పేసేదానివి. నాకు ఆ రోజుల్లో నీ చెవుల మీద ఎంత కుళ్ళో.

నాకు చెట్లు తెలుసు, పిట్టలు తెలియవు. పిట్టల సంగతి నువ్వు చూసుకోవాలి. మే మొదటి వారంలో పెట్టె సర్దుకుని రా. మా ఇంట్లోనే ఉందువుగాని.

నీ యేసమ్మ.

బోధన్,
20 ఫిబ్రవరి 1972.

యేసమ్మకు,

ఉత్తరం అందింది. చదువుతూ నవ్వాను. దేవవ్వ టీచరు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని తడిగడ్డిలో నడిచే తీరు కళ్ళ ముందు కదిలింది. ఆమె పోయినప్పుడు నేను ఆస్పత్రి మంచం మీద ఉన్నాను, చివరి చూపు కూడా దక్కలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

కానీ నేను రాను. వచ్చి పిల్లలకు ఏం చూపించను? పిట్టలెక్కడున్నాయి?

నువ్వు నమ్మవు. ఇంటి వెనక మునగచెట్టు కింద రోజూ పొద్దున కూర్చుంటాను. పిల్లాజెల్లా లేని ఇల్లు, ఆయన చక్కెర ఫ్యాక్టరీ పని మీద సైకిలేసుకుని మోస్రా, చందూర్ అంటూ ఊళ్ళల్లో చెరుకు రైతుల చుట్టూ తిరగడానికి పోతే నాకు ఆ చెట్టే సందడి. జబ్బు నుంచి లేచాక మొదటిరోజు అలవాటుగా కళ్ళు మూసుకుని వేళ్ళు పట్టుకున్నాను. ఒకటి కాకి. రెండు గువ్వ. అంతే, చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇవాళ్టికీ రెండు వేళ్ళే. ఎప్పుడో ఒక పిచ్చుక, ఒక తేనెపిట్ట కంటికి కనబడతాయి గానీ అవి కూడా నోరు విప్పవు.

కారణం నాకు తెలుసు. చెరుకు కొట్టేశాక పొలంలో మిగిలిన ఆకును రైతులు కాలబెడతారు కదా, ఆ పొగ. పోయినవి పోగా మిగిలిన వాటికి గొంతులు పట్టేసుకుపోయాయి. మా ప్రహరీ వెనకే ఆశన్న అనే ఆయన తోట. మొన్న అగ్గిపెట్టె తీసుకుని వస్తుంటే బకెట్టుతో నీళ్ళు పట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. "గిదేంది తారాబాయమ్మా, మా తాతలనాటి సంది కాలవెడ్తనే ఉన్నం. కాలవెట్టకుంటే మల్ల పిలకలెట్లొస్తయి?" అన్నాడు. "పిలకలొస్తయి, పిట్టలు రావు" అన్నాను. నోటికొచ్చిన మాటలన్నీ అన్నాను. పాపం, ఆయన అగ్గిపెట్టె రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

రైతులతో దినాం పనిపడే మనిషి కదా, మా ఆయనకు తల కొట్టేసినట్టయింది. అప్పటినుంచి నాతో ముభావంగా ఉంటున్నారు. ఏదైనా చెబితే మీసాల్లోంచి చెబుతారు, సగం మాట గాలికే పోతుంది. ఇంకోసారి చెప్పమంటే విసుగు. పాలమనిషికి కూడా నామీద ఏం కోపమో, బెల్లు కొట్టకుండా గిన్నెలో పోసి పోతోంది.

నా సంగతి ఇది. నువ్వు చెట్లు చూపించు, పిల్లలకు అవి చాలు.

నీ తార.

నిజామాబాద్,
3 మార్చి 1972.

తారకు,

పిట్టలన్నీ బోధన్ వదిలి ఎక్కడికి పోతాయే, వాటికేం బదిలీ అయిందా? మునిసిపల్ పార్కులో నా చెవులకే ఐదారు గొంతులు వినబడుతున్నాయి. మీ ఊరు ఎంతో దూరం కాదు. పొగ సంగతి నాకు తెలియదు గానీ ఆశన్నను అన్ని మాటలన్నావని చదివి నాకు నీమీద భయం, ఆయన మీద జాలి వేశాయి.

పదకొండో తేదీ శనివారం బడి లేదు. పొద్దున బస్సుకే వస్తాను. మునగచెట్టు కింద ఇద్దరం కూర్చుందాం. ఒకవేళ నువ్వు చెప్పింది నిజమైతే నేనూ ఒక బకెట్టు పట్టుకుంటాను.

నీ యేసమ్మ.

బోధన్,
6 మార్చి 1972.

యేసమ్మకు,

వస్తానన్న మాట తప్పితే మళ్ళీ నీకు ఉత్తరం ముక్క రాయను. నీకిష్టమని జొన్నరొట్టె, పుంటికూర చేస్తాను. వచ్చాక నీ చెవులతో నువ్వే విను.

కోయిల వచ్చింది. మూడో వేలు. చాలా రోజుల తర్వాత ఒక వేలు పెరిగిందని నిన్నంతా సంతోషంగా ఉన్నాను. ఇంతకు దిగజారింది నా బతుకు.

నీ తార.

బోధన్,
15 మార్చి 1972.

యేసమ్మకు,

ఏమయిందే నీకు? వచ్చినప్పుడు వాకిట్లోనే నవ్వులు మొదలుపెట్టినదానివి, మునగచెట్టు కింద కూర్చుని లేచేసరికి ముఖం మాడిపోయింది. రొట్టె సగం వదిలేశావు. సాయంత్రం బస్సుకు పోతానన్నదానివి మధ్యాహ్నమే బయలుదేరావు. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని వదలలేదు. నేను అంత చిక్కిపోయి కనబడ్డానా? మళ్ళీ జబ్బు తిరగబెట్టిందని అనుమానమొచ్చిందా? అలాంటిదేమైనా ఉంటే మీ ఆయనతో చెప్పించు, దాచకు.

నువ్వు పోయాక నాకు అలీసాగర్ పోయిన రోజు గుర్తొచ్చింది. తెల్లవారకముందే రెండు ఎడ్లబండ్లలో బయలుదేరాం. అందరూ ఒకరిమీద ఒకరు వాలి నిద్రపోతుంటే నేను బండి పలక మీద గడ్డం ఆనించుకుని వింటూ పోయాను. చీకట్లో ఒక్కొక్క పిట్టా లేవడం, పక్కదాన్ని లేపడం, చెరువు దగ్గరికి వచ్చేసరికి ఊరంతా లేచినట్టు గోల. టీచరు నన్ను చూసి, "నువ్వు పండలేదా బిడ్డా?" అంది. "పండుకుంటే ఇనవడది గద టీచర్" అన్నాను. ఆమె తన శాలువా నా భుజాల మీద కప్పింది. అంత గోల మళ్ళీ ఈ జన్మలో వింటానా అనిపిస్తుంది.

ఏదైనా ఉంటే రాయి.

నీ తార.

నిజామాబాద్,
23 మార్చి 1972.

నా తారకు,

రెండుసార్లు రాసి చింపేశాను. ఇది మూడోది, ఇది పోస్టులో పడాలి.

మునగచెట్టు కింద మంచం వేసి, "కండ్లు మూస్కో, వేళ్ళు మడువు" అన్నావు. మూసుకున్నాను. తారా, నాకు ఆ పొద్దున వేళ్ళు చాలలేదు. నీ తలకు మూరెడు పైన తేనెపిట్టలు జంటగా గొడవపడుతున్నాయి. కంచెలో దర్జీ పిట్ట ఒకటే మాట గొంతు చించుకుని అంటోంది. పెంకుల కింద పిచ్చుకల గోలకు నా మాట నాకే వినబడలేదు. నాకు పేరు తెలియనివి ఇంకా ఉన్నాయి. కళ్ళు తెరిచేసరికి నువ్వు మూడు వేళ్ళు మడిచి నావైపు చూసి, "సూసినవా యేసూ, సప్పుడే లేదు" అన్నావు.

పిట్టలు పోలేదే. పొగ వాటినేమీ చెయ్యలేదు. అవి నీకు వినబడటం లేదు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. నీకు నెలల తరబడి ఇచ్చిన ఆ సూదిమందు టీబీని చంపుతుందట గానీ కొందరికి చెవుల మీద దెబ్బ కొడుతుందట. ముందు సన్నటి, పైగొంతులు పోతాయట. కాకి, గువ్వ, కోయిల లావు గొంతులు కాబట్టి నీకు మిగిలాయి. మాటల్లో కూడా సగం అక్షరాలు జారిపోతాయట. ఆ మందే లేకపోతే ఇవాళ నాకు ఉత్తరం రాయడానికి తారే ఉండేది కాదు, అది కూడా ఆయనే అన్నారు.

ఇంకొక మాట. నన్ను బస్సెక్కించడానికి వచ్చినప్పుడు ఆత్మారాంగారు అడిగారు. "తారకు నా మీద గింత కోపమెందుకు యేసమ్మక్కా? ఎనకనుంచి పిలిస్తే పలుకది. ఎదురుంగ నిలబడితే ఒక మాట అంటది, గంతే" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన మీసాల్లోంచి మాట్లాడటం లేదు తారా. నువ్వు కోపంగా ఉన్నావని ఆయన, ఆయన కోపంగా ఉన్నారని నువ్వు, ఒకే ఇంట్లో ఇద్దరూ కుమిలిపోతున్నారు.

నీకు ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. చెవుల గురించి నీకు చెప్పాల్సి రావడం కంటే పిట్టలు నిజంగానే పోయి ఉంటే బాగుండునని కూడా ఒక క్షణం అనిపించింది.

నీ యేసమ్మ.

బోధన్,
29 మార్చి 1972.

యేసమ్మకు,

నేను చెవిటిదాన్నని చెప్పడానికి ఇంత పొడుగు ఉత్తరమా? రైలు కూత వినబడుతుంది, మా ఇంటి ముందు చెరుకు బండ్లు పోతే వినబడుతుంది, ఎదురింటి సుమిత్రమ్మ అత్తగారిని తిట్టుకునే మాటలన్నీ వినబడతాయి. నీ కాంపౌండరుకు ఇంట్లో కూర్చుని నా చెవుల్లోకి చూసే విద్య ఎప్పుడొచ్చింది?

మీ పార్కు, మీ పిల్లలు, మీ పిట్టలు. నన్ను వదిలెయ్యి.

తారాబాయి.

నిజామాబాద్,
9 ఏప్రిల్ 1972.

తారకు,

తిట్టినా ఉత్తరమే కదా, దాచుకున్నాను.

బతిమాలను, వాదించను. పార్కులో పనులు నడుస్తున్నాయి. తోటమాలి నీ సమ్మతి ఏమీ లేకుండానే పిల్లలు కూర్చునే చోట గడ్డి పెంచుతున్నాడు. దేవవ్వ టీచరు మనల్ని కూర్చోబెట్టిన చోటే, బావి పక్కన. అప్పటి గానుగచెట్టు ఇప్పుడు ఎంత పెద్దదయిందో. దాని కింద నిలబడితే నాకు నా వయసు తెలిసొచ్చింది.

నీకు ఎప్పుడు రాయాలనిపిస్తే అప్పుడు రాయి. పోస్టుమాను ఎదురుపడితే ఆపి మరీ అడుగుతున్నానని మాత్రం తెలుసుకో.

నీ యేసమ్మ.

బోధన్,
22 ఏప్రిల్ 1972.

నా యేసమ్మకు,

నీ మీద కోపంతో చాలా రోజులు మునగచెట్టు వైపే పోలేదు. తర్వాత ఒకరోజు పోయాను. తేనెపిట్ట పూతమీద వాలింది, నాకు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో. ఈసారి కళ్ళు మూసుకోలేదు. కళ్ళు తెరిచే చూశాను. దాని ముక్కు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. గొంతు కింద ఈకలు వణుకుతున్నాయి. ఒళ్ళంతా కదిలిపోయేలా నా ముఖం మీదే కూస్తోంది. నాకు ఏమీ వినబడలేదు.

అక్కడే కూలబడి ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. ఆయన వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా వచ్చిన సంగతే తెలియలేదు. అప్పుడు నీ ఉత్తరం ఆయన చేతికిచ్చాను. చదివి నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు. "గిన్ని దినాలు నీకు నేనంటే ఇష్టం లేదనుకున్న" అన్నారు. ప్రతి అక్షరమూ వినబడింది.

నిజామాబాద్ డాక్టరుకు చూపించుకున్నాం, నీకు చెప్పకుండానే వచ్చి పోయాం, ఏమనుకోకు. మీ ఆయన చెప్పిందే చెప్పారు. పోయింది తిరిగి రాదు, ఉన్నది పోదు. చెవికి మిషను పెట్టుకున్నా ఈ రకం చెవుడుకు పెద్దగా లాభం లేదన్నారు. బస్సులో తిరిగి వస్తూ కిటికీలోంచి తీగల మీద పిట్టల్ని చూశాను. ఇంత దుఃఖంలోనూ ఒక మాట మనసులో తిరుగుతూనే ఉంది. అవి పోలేదు. నన్ను వదిలి ఎక్కడికీ పోలేదు. పొద్దున్నే వచ్చి ఆ చెట్టు మీద ఎప్పటిలాగే కూస్తున్నాయి. ఇన్నాళ్ళూ వాటి కోసం ఏడ్చాను, ఇప్పుడు నాకోసం ఏడుస్తున్నాను. రెండోదే కాస్త తేలిక.

ఆశన్న ఇంటికి పోయాను. ఏం చెప్పాలో తెలియక, "ఆశన్నా, పిట్టలున్నయి. నాకే వినబడ్తలేదట" అన్నాను. ఆయన భార్య సాయవ్వ నన్ను పీట మీద కూర్చోబెట్టి చెరుకురసం ఇచ్చింది. ఆయన మాత్రం నవ్వకుండా, "నువ్వట్ల అన్నప్పటి సంది నేను కాలవెట్టే ముందట గూళ్ళున్నయేమో సూస్తున్న తారాబాయమ్మా. నాలుగు గూళ్ళు దొరికినయి. గా మూల ఇడిసిపెట్టిన" అన్నాడు. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది.

పార్కుకు మాత్రం రాలేను యేసూ. ఇప్పుడైతే అసలే రాలేను. అప్పుడు పిట్టల్లేవని రానన్నాను. ఇప్పుడు పిట్టలున్నాయి, నేను లేను. ఏ పిల్లో వేలు చూపించి అదేం పిట్ట అని అడిగితే నేను ఏ ముఖంతో నిలబడాలి? కాలివేళ్ళ దాకా మడిచినదాన్ని. ఆ చోటే కూర్చోలేను.

నీ తార.

నిజామాబాద్,
28 ఏప్రిల్ 1972.

నా తారకు,

నీ ఉత్తరం మా ఆయనకు చదివి వినిపిస్తుంటే, ఆశన్న గూళ్ళ మాట దగ్గర ఆపి ఆయన మళ్ళీ చదివించుకున్నారు.

అడగనంటూనే మళ్ళీ అడుగుతున్నాను. నువ్వు రాకపోతే నేను ప్రతి పిట్టనూ గోరింక అని చెప్పాల్సి వస్తుంది. ఈ ఊళ్ళో ఒక తరం పిల్లలు లోకంలో ఉన్నవన్నీ గోరింకలేనని నమ్మి పెరుగుతారు, ఆ పాపం నీదే. నాకు కళ్ళజోడు వచ్చింది, మోకాలు నొప్పి వచ్చింది. చెవులు పోయిన నువ్వు, మోకాళ్ళు పోయిన నేను కలిసినా దేవవ్వ టీచరులో సగం కాము. కానీ ఆ సగమైనా లేకపోతే ఆ పిల్లలకు ఎవరున్నారు?

ఏ ముఖంతో నిలబడాలంటావా, నిలబడొద్దు. గడ్డిలో కూర్చో. ఏమీ చెప్పకపోయినా ఫరవాలేదు. నాకు ఆ చోట ఒక్కదాన్నే కూర్చోవడం ఇష్టం లేదు.

నీ యేసమ్మ.

నిజామాబాద్,
4 జూన్ 1972.

తారకు,

పార్కు అయ్యాక బోధన్ చేరావని ఒక్క కార్డు ముక్క రాసి ఊరుకున్నావు. ఇక్కడ నువ్వు చేసి పోయిన ఘనకార్యం విను.

నిన్న హన్మవ్వ అనే ఒక తల్లి నా ఇంటికి వచ్చింది. "టీచరమ్మా, మా పోరి అన్నం ముందట కూసుండి టివిక్ టివిక్ అంటున్నది. పిలిస్తే కుకుకు అంటున్నది. గాలి సోకిందా ఏంది, జర చూడుండ్రి" అంది. పార్కుకు వచ్చిన పిల్లలందరూ ఇళ్ళల్లో ఇదే వరస. గులేరుతో తిరిగేవాళ్ళు దాన్ని జేబులో పెట్టుకుని, పిట్ట గొంతు సరిగ్గా పట్టేదాకా చెట్టు కింద కదలకుండా కూర్చుంటున్నారు. గుమాస్తా కూడా ఆగి చూసి, "ఏం మంత్రమేసినవు టీచరమ్మా" అన్నాడు. నేనేం వేశాను, నేను మోకాలు పట్టుకుని చెట్లు చూసే పిల్లల గుంపుతో అటు చివర ఉన్నాను.

మొదటిరోజు నువ్వు నా వెనకే నక్కి కూర్చున్నావు. రెండోరోజు నేను చెట్ల గుంపును తీసుకుని పోయి వచ్చేసరికి నీ చుట్టూ పిల్లలందరూ ఒకేసారి కూస్తున్నారు. అలీసాగర్ దాకా అదే సాగింది, బస్సు కండక్టరు చెవులు మూసుకున్నాడు. ఆ పొద్దున ఏం జరిగిందే? అడిగితే నవ్వి తప్పించుకున్నావు. ఇప్పుడైనా రాయి.

నీ యేసమ్మ.

బోధన్,
14 జూన్ 1972.

నా యేసమ్మకు,

చెప్పుకోవడానికి సిగ్గేసింది, అందుకే చెప్పలేదు.

నువ్వు అటు పోగానే నేను భయపడిందే జరిగింది. గంగు అనే గాజులమ్మే వాళ్ళ పిల్ల కంచె వైపు వేలు చూపించి, "టీచర్, గదేం పిట్ట?" అంది. నాకు ఆకులు తప్ప ఏమీ కనబడలేదు. పిల్లలందరూ నా ముఖంలోకి చూస్తున్నారు. ఏదో ఒక పేరు చెప్పి గట్టెక్కుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అబద్ధం వేలు మడిచే అలవాటు లేదు కదా.

"నాకు వినబడదు బిడ్డా. జబ్బు చేసి సూదులు పడ్డయి, అప్పటి సంది సన్నగొంతులు నా చెవులకు వస్తలేవు. నువ్వు విన్నవు గద, ఎట్లన్నదో అట్లనే అని చూపియ్యి" అన్నాను.

పిల్లలు కిసుక్కుమన్నారు. గంగు కొంగులా చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏదో అంది. పక్కదానికి నచ్చలేదు. "గట్ల కాదే, ఇంక గబగబ అంటున్నది" అంది. ఇంకొకరు, "నడ్మల ఆగుతలేదు" అన్నారు. వాదన తేలక అందరూ నోరు మూసుకుని మళ్ళీ విన్నారు. తర్వాత గంగు మళ్ళీ అంది, ఈసారి సరిగ్గా, తన గొంతుతో, నా చెవి పట్టగలిగేంత లావుగా: టివిక్ టివిక్ టివిక్ టివిక్.

యేసూ, రెండేళ్ళ తర్వాత దర్జీ పిట్టను విన్నాను. గొంతు ఆ పిల్లదే, కానీ ఆ తొందర, ఆ మొండితనం దానివే. "దర్జీ పిట్ట. కంచెల కిందికి చూడుండ్రి, తోక నిక్కబెట్టుకోని ఉంటది" అన్నాను. ఉంది. ఇంక పిల్లల్ని ఆపడం నా వల్ల కాలేదు. ఒక్కొక్కరూ ఒక్కో పిట్టను తెచ్చి నా ముందు కూశారు, నేను పేర్లు చెప్పాను. అలీసాగర్‌లో ఒకేసారి అందరూ కూస్తుంటే ఆ బండి ప్రయాణం నాటి గోల గోలంతా నాకు తిరిగొచ్చింది. నువ్వు కొంగుతో కళ్ళు తుడుచుకోవడం చూశాను, అడగలేదు.

బోధన్ వచ్చాక రెండురోజులు దిగులుగా ఉంది. ఇక్కడ నాకు పిల్లలెవరున్నారు? ఆయన ఏమయిందని అడిగితే పార్కు సంగతంతా చెప్పాను.

మర్నాడు పొద్దున సైకిలు తీశారు, మళ్ళీ గోడకు ఆనించారు. మునగచెట్టు కింద నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు. చాలాసేపు పైకి చూస్తూ విన్నారు. తర్వాత గొంతు సవరించుకుని, చెరుకు రైతులందరూ భయపడే ఆ మనిషి, పెళ్ళిలో కూడా పాట పాడని మనిషి, ఒక కూత కూశారు. పాత తలుపు తీసినట్టుంది. నేను నవ్వలేదు. దారిన పోతున్న ఆశన్న ఎడ్లను ఆపి, "ఏమైంది సారు, పానం మంచిగ లేదా?" అని అడిగాడు. "మంచిగనే ఉన్నది, నువ్వు నడువు" అని ఆయన మళ్ళీ కూశారు.

ఇప్పుడు రోజూ ఇదే. వానలు మొదలయ్యాయి, చెట్టు కింద కుదరకపోతే వసారాలో కూర్చుంటాం. ఆయన విని కూస్తారు, నేను పేరు చెబుతాను, తర్వాతే సైకిలు కదులుతుంది. ఆయనకు తేనెపిట్ట అస్సలు రాదు. అయినా మొదటిసారికే నాకు తెలిసిపోతుంది. తెలియలేదని చెప్పి, మళ్ళీ మళ్ళీ కూయించుకుంటున్నాను.

నీ తార.